మీకెలా తెలుసు?
(కోనసీమలో గ్రంథాలయ కార్యకర్తలు, కళాశాల అధ్యాపకులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గ్రంథాలయాల నుంచి వచ్చినవారు, కళాశాలల్లో పాఠాలు చెప్పేవారు, ఇంకా చదువుకుంటున్నవారు ఈ గదిలో ఉన్నారు. మీలో చాలామంది మీమీ ఊళ్లలో ఎవరైనా రాయగల, ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా విజ్ఞాన ప్రాజెక్టులకు శిక్షణ తరగతులు నడపాలన్న ఉద్దేశంతో వచ్చారు కనుక, వికీపీడియా అంటే ఏమిటి, ఎందుకు రాయాలి అన్న సంగతుల మీద మీ సమయం తీసుకోను. శిక్షణలో ఏది ముందు చెప్పాలి, ఏది తరువాత చెప్పాలి, ఏది అసలు చెప్పనక్కరలేదు అన్నదే నా విషయం.

మన తరగతులు సాధారణంగా ఒకే పద్ధతిలో సాగుతాయి. మొదటి అరగంట చరిత్ర చెబుతాము. 2001 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా మొదలైందనీ, 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైందనీ, ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయనీ చెప్పి చప్పట్లు కొట్టిస్తాము. ఆ తరువాత అందరిచేతా ఖాతాలు తెరిపిస్తాము. ఆ పైన, "ఇక మీ ఊరి గురించి మీరే రాయండి" అంటాము. నా అనుభవంలో శిక్షణ చెడిపోయేది సరిగ్గా ఆ మాట దగ్గరే.

ఊరి గురించి రాయమంటే గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామం నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థి ఏమి రాస్తాడు? తమ ఊరు ప్రకృతి సౌందర్యానికి పుట్టినిల్లనీ, కొబ్బరి తోటల మధ్య గోదావరి పాయ పరవళ్లు తొక్కుతుందనీ, తమ అమ్మవారి తీర్థానికి లక్షలాది జనం వస్తారనీ రాస్తాడు. అతను అబద్ధం రాయలేదు, కళ్లతో చూసినదే రాశాడు. కానీ ఆదిలాబాదులోనో అనంతపురంలోనో కూర్చుని చదివేవారు దాన్ని సరిచూసుకునే దారి ఏదీ అతను ఇవ్వలేదు. మర్నాటికి ఎవరో అనుభవజ్ఞుడైన వాడుకరి ఆ వాక్యాలు తొలగిస్తాడు, లేదా "మూలం కావాలి" అని తగిలిస్తాడు. కుర్రవాడికి అది తనను అబద్ధాలకోరు అన్నట్టు వినిపిస్తుంది, మళ్లీ ఆ పేజీ వైపు రాడు. తొలగించినవారి తప్పూ లేదు, రాసినవారి తప్పూ లేదు. ముందు అడగవలసిన ప్రశ్నను శిక్షకుడు అడగలేదు, అంతే.

ఆ ప్రశ్న ఇది: మీరు రాయదలచుకున్న సంగతి మీకెలా తెలుసు? చదివి తెలుసుకున్నారా, కళ్లతో చూశారా, పెద్దలు చెప్పగా విన్నారా, లేక ఆ సంగతి ఉన్న పాత పుస్తకమే మీ చేతిలో ఉన్నదా? కంప్యూటరు తెరవకముందే ప్రతి ఒక్కరిచేతా దీనికి సమాధానం కాగితం మీద రాయించండి. ఎందుకంటే మనం "వికీ" అని ఒక్క పేరుతో పిలుస్తున్న ఈ ప్రాజెక్టులన్నీ ఒకే రకపు ఆధారాన్ని ఒప్పుకోవు. ఒకచోట చెల్లనిది మరొకచోట అమూల్యమవుతుంది. మనిషికి తగిన ప్రాజెక్టు చూపడమే శిక్షకుడి మొదటి పని, మీటలు నొక్కడం నేర్పడం దాని తరువాతి మాట.

చదివి తెలుసుకున్నవారిని వికీపీడియాకు పంపండి. వారికి కొత్త వ్యాసం మొదలుపెట్టే పని ఇవ్వకండి, ఉన్న వ్యాసాన్ని సరిదిద్దే పని ఇవ్వండి. మన జిల్లాల గ్రామాలకు ఇప్పటికే పేజీలున్నాయి, వాటిలో 2011 జనగణన అంకెలున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, అమలాపురం కేంద్రంగా ఒక జిల్లా, కాకినాడ కేంద్రంగా ఒక జిల్లా వేరుపడి, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమై, ఏలూరు వేరు జిల్లా అయింది. అటువంటి మార్పు ఒక్కటి వస్తే వందలాది పేజీలలో జిల్లా పేరు, జిల్లా కేంద్రం దూరం, రెవెన్యూ డివిజను వంటివన్నీ చూసుకోవలసి వస్తుంది. ఈ పని చిన్నది, దీనికి ప్రభుత్వ ఉత్తర్వు ఆధారంగా దొరుకుతుంది, కొత్తవారు మొదటి రోజునే పూర్తి చేయగలరు. తాను చేసిన మార్పు నిలిచిందని మర్నాడు చూసుకున్నవాడు మూడవ రోజు కూడా వస్తాడు.

ఆధారం ఎక్కడ దొరుకుతుందన్న బెంగ ఈ ప్రాంతంవారికి ఉండకూడదు. గ్రంథాలయోద్యమ పితామహుడనిపించుకున్న అయ్యంకి వెంకటరమణయ్య 1890లో పుట్టిన కొంకుదురు ఇక్కడికి ఎంతో దూరం కాదు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలూ పుస్తకాలూ ఉన్నాయి. అందుచేత, కంప్యూటర్ల గదిలో నడిపే తరగతి కంటే పుస్తకాల బీరువాల మధ్య నడిపే తరగతి నాకు ఎక్కువ ఇష్టం. ప్రతి ఒక్కరి చేతిలో ఒక అచ్చు పుస్తకం పెట్టి, అందులో నుంచి ఒకే ఒక్క వాస్తవం ఏరి, దాన్ని సొంత వాక్యంలో రాసి, ఏ పుస్తకం, ఎవరు రాసినది, ఏ సంవత్సరం ముద్రణ, ఏ పుట అన్న వివరాలతో మూలంగా చేర్చమనండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందన్న ఒక్క వాక్యం పుట సంఖ్యతో సహా చేర్చగలిగినవారికి వికీపీడియాలో నేర్చుకోవలసిన దానిలో సగం వచ్చినట్టే.

"సొంత వాక్యంలో" అన్న మాటను నొక్కి చెప్పండి. పత్రికల జిల్లా అనుబంధంలో వచ్చిన కథనాన్ని యథాతథంగా ఎత్తి అతికించడం మన తరగతుల్లో రోజూ కనిపించేదే. వాస్తవం ఎవరి సొత్తూ కాదు కాని దాన్ని చెప్పిన వాక్యం రాసినవారి సొత్తు. ఈ మధ్య మరొక తలనొప్పి వచ్చింది. కృత్రిమ మేధ యంత్రంచేత రాయించిన వ్యాసాన్ని పట్టుకొచ్చి, కింద పది మూలాలు కూడా చూపిస్తున్నారు. తెరిచి చూస్తే వాటిలో కొన్ని పుస్తకాలు ఈ లోకంలోనే లేవు! నిషేధాలు ప్రకటించి లాభం లేదు. "ఈ పుట మీరు స్వయంగా చూశారా?" అని అడగడం ఒక్కటే దీనికి మందు.

ఇక గోదావరి జిల్లాలవారికి మాత్రమే ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పాలి. "అండీ" లేకుండా కుక్కను కూడా అదిలించని ప్రాంతం మనది. తెలుగు వికీపీడియా శైలి ప్రకారం వ్యక్తుల పేర్ల చివర "గారు" ఉండదు, క్రియ ఏకవచనంలో ఉంటుంది. "కందుకూరి వీరేశలింగం 1848లో రాజమండ్రిలో జన్మించాడు" అని రాయమంటే, పెద్ద వయసు అధ్యాపకులు కలం, అంటే మౌసు, కింద పెట్టేస్తారు. పెద్దవారిని ఏకవచనంలో అనడానికి నోరు రాదంటారు. వాదించకండి. విజ్ఞాన సర్వస్వంలో అందరికీ ఒకే కొలత ఉండాలనీ, ఎవరికి "గారు" పెట్టాలో ఎవరికి పెట్టకూడదో తేల్చే అధికారం ఎవరికీ ఇవ్వకూడదనే ఈ పద్ధతి పెట్టుకున్నారనీ చెప్పండి. అప్పటికీ ఒప్పుకోని వారుంటారు. వారికి పాత పుస్తకాలను ఉన్నదున్నట్టు ఎక్కించే వికీసోర్స్ పని ఇవ్వండి, అక్కడ ఈ ఇబ్బంది లేదు.

కళ్లతో చూసినవారి సంగతి వేరు. కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వైపు పంటు, అంటే రేవు దాటించే పడవ, ఎక్కడ నుంచి ఎక్కడికి నడుస్తుందో, సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి దాటేచోటు ఏదో, ఏ కాలువ మీద ఏ లాకు దగ్గర వంతెన మీదుగా లారీ పోదో, ఏ కాజ్‌వే వరదకు ముందుగా మునుగుతుందో వీరికి తెలుసు. వీటిలో చాలా సంగతులు ఏ పుస్తకంలోనూ ఉండవు కనుక వికీపీడియాలో నిలవవు. 2004లో ఇంగ్లండులో మొదలై, ఎవరైనా గీసి దిద్దగలిగే ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మాత్రం అలా కాదు, అక్కడ నేల మీద నడిచి చూసినదే ప్రథమ ప్రమాణం. పటం గీసేవారికి ఉపగ్రహ చిత్రం కనిపిస్తుంది కాని, అది తీసిన తరువాత వచ్చిన వరదకు లంక ఒడ్డు ఎంత కోసుకుపోయిందో, ఇసుక మేట ఎక్కడికి జరిగిందో ఆ చిత్రానికి తెలియదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడవ ప్రమాద హెచ్చరిక ఎగరవేసిననాడు, ఏ దారి తెగిందో ఏ దారి మిగిలిందో చూపే పటం ఉండాలంటే, ఆ దారుల పేర్లూ వంతెనలూ ఎండాకాలంలోనే ఎవరో ఒకరు ఎక్కించి ఉండాలి. ఈ పనికి వ్యాసం రాసే నేర్పు అక్కరలేదు. పంటు నడిపేవారు, పాల సేకరణకు తిరిగేవారు, ఆశా కార్యకర్తలు దీనికి తగినవారు, మనమేమో ఎప్పుడూ తెలుగు ఎం.ఏ. విద్యార్థుల కోసమే వెతుకుతాము. ఒక్క హెచ్చరిక మాత్రం మొదటి రోజే చేయాలి: గూగుల్ మ్యాప్స్ చూసి పేర్లు ఎక్కించకూడదు. అది ఇంకొకరి సొత్తు. తన కాళ్లతో తిరిగి తెలుసుకున్నదైతే ఎవరి అనుమతీ అక్కరలేదు.

చూసినదాన్ని ఫొటో తీసేవారికి, ఫొటోలూ ధ్వనులూ అందరూ వాడుకునేలా దాచిపెట్టే వికీమీడియా కామన్స్ ఉంది. ఇక్కడ లైసెన్సు సంగతిని దాటవేయకండి, చాలామంది శిక్షకులు "ఓకే నొక్కండి" అని దాటవేస్తారు. తాను తీసిన బొమ్మను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఎక్కించాక, పేరు చెప్పి లైసెన్సు నియమాలు పాటించేవారెవరైనా దాన్ని వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆత్రేయపురంలో పూతరేకులు చుడుతున్న చేతుల బొమ్మ మీరు ఎక్కిస్తే, రేపు దాన్ని ఏ మిఠాయి దుకాణమైనా డబ్బా మీద అచ్చు వేసుకోవచ్చు. ఈ మాట విని వెనక్కి తగ్గేవారు తగ్గనివ్వండి. తెలియక ఇచ్చి తరువాత బాధపడేవారి కంటే తెలిసి ఇవ్వనివారే నయం. అలాగే, మన ఊరూరా ఉన్న కాటన్ దొర విగ్రహాల ఫొటోలు నిరభ్యంతరంగా ఎక్కించవచ్చు, ఎందుకంటే బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన శిల్పాలను బొమ్మ తీయడానికి 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను వీలిస్తోంది. ఆ పక్కనే గోడకు అంటించిన సినిమా వాల్‌పోస్టరుకు ఆ వీలు లేదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే స్త్రీల ముఖాలు కనిపించేలా తీసేటప్పుడు చట్టం సంగతి తరువాత, ముందు వారిని అడగాలి. బొమ్మ ఎక్కడికి పోతుందో కూడా చెప్పి అడగాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని దగ్గరకు వస్తాను. పాత పుస్తకం చేతిలో ఉన్నవారు, లేదా పాత పుస్తకాన్ని తప్పు లేకుండా చదవగలిగినవారు వికీసోర్స్‌కు కావాలి. ఏ పుస్తకమంటే ఆ పుస్తకం ఎక్కించడానికి లేదు, లెక్క చూసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 సంవత్సరాలు కాపీరైటు ఉంటుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946లో మరణించాడు కనుక 2007 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయాడు, 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలూ అంతే. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో మరణించాడు కాబట్టి 2040 చివరి వరకు ఆగాలి. ఈ లెక్కను తరగతిలో పలక మీద వేసి చూపిస్తే విద్యార్థులు తమకు తెలిసిన రచయితల పేర్లన్నీ చెప్పి లెక్క కట్టమంటారు. ఆ పావుగంట వృథా అనుకోకండి, కాపీరైటు గురించి అంతకంటే బాగా చెప్పే పద్ధతి నాకు తెలియదు. అయితే ఈ ప్రాజెక్టుల సర్వర్లు అమెరికాలో ఉండడం వల్ల అక్కడి చట్టపు లెక్క కూడా చూడవలసి వస్తుంది. సందేహం ఉన్నప్పుడు శిక్షకుడు తానే తీర్పు చెప్పకుండా రచ్చబండలో, అంటే ఆ ప్రాజెక్టు వాడుకరులందరూ చర్చించుకునే పేజీలో, అడగడం క్షేమం.

వికీసోర్స్ పని తీరు కొత్తవారికి చక్కగా నప్పుతుంది. ఒక పక్క పుస్తకం పుట బొమ్మ, మరొక పక్క యంత్రం చదివి ఇచ్చిన పాఠం కనిపిస్తాయి. రెండూ పోల్చి తప్పులు దిద్దాలి. దిద్దని పుట ఎర్ర రంగులో ఉంటుంది, ఒకరు దిద్దాక పసుపు రంగుకు మారుతుంది. రెండవ మనిషి చూసి ఆమోదిస్తేనే ఆకుపచ్చ అవుతుంది. తాను దిద్దిన పుటను తానే ఆమోదించుకోవడానికి వీలులేదు. ఈ నియమం వల్ల ఇద్దరేసి కూర్చోబెట్టి చేయించడం సహజంగా కుదురుతుంది. కళ్లద్దాల పెద్దాయన, కీబోర్డు తెలిసిన కుర్రవాడు జంటగా కూర్చుంటే పని బ్రహ్మాండంగా సాగుతుంది. అరసున్నా, బండి ఱ, తెలుగు అంకెలు యంత్రానికి తరచు దొరకవు, పెద్దాయనకు దొరుకుతాయి. ఆయన చేయకుండా చూసుకోవలసిన పని ఒక్కటే ఉన్నది. పాత రాతను నేటి రాతగా మార్చకూడదు. పుస్తకంలో "చేయుచుండెను" అని ఉంటే "చేస్తున్నాడు" అని బాగు చేయబోయే పండితులున్నారు. అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి, అచ్చుతప్పు సహా. ఇక్కడ రచ్చ లేదు, ఈ వ్యాసం ఉండదగినదా కాదా అనే ప్రాముఖ్యత చర్చలు లేవు, తొలగింపులూ అరుదే. బిడియపడేవారిని ముందు ఇక్కడ కుదుర్చుకోనిచ్చి, ఆరు నెలల తరువాత వికీపీడియాకు పిలిస్తే ధైర్యంగా వస్తారు.

కొన్ని సాధారణ ఏర్పాట్లు త్వరగా చెప్పేస్తాను. ఒకే ఇంటర్నెట్ కనెక్షను మీద ఒక రోజులో ఆరు కొత్త ఖాతాలకు మించి తెరవనివ్వరు. నలభై మందిని ఒక గదిలో కూర్చోబెట్టి ఖాతాలు తెరవమంటే ఏడవ మనిషి దగ్గర తరగతి ఆగిపోతుంది. ఇళ్ల దగ్గరే తెరుచుకు రమ్మనండి, లేదా పరిమితి సడలించమని ముందుగానే అభ్యర్థన పెట్టండి. మొబైల్ డేటా మీద కొన్నిసార్లు మన ప్రమేయం లేకుండానే నిరోధం కనిపిస్తుంది, అదే ఇంటర్నెట్ (ఐపీ) చిరునామాను ఎవరో దుర్వినియోగం చేసి ఉంటారు, కంగారు పడకండి. టైపింగుకు లేఖిని గాని, ఇన్‌స్క్రిప్ట్ గాని, ఫోన్ కీబోర్డు గాని, ఎవరికి ఏది అలవాటైతే అదే చాలు, దాని మీద గంటసేపు పోట్లాట వద్దు. డీటీపీ కేంద్రం నుంచి అను ఫాంట్లలో తెచ్చిన పాఠం మాత్రం అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చకుండా పనికిరాదు. పేజీ "చరిత్ర" మొదటి గంటలోనే చూపించండి. ఏ మార్పునైనా వెనక్కి తిప్పవచ్చని, ఏదీ పాడైపోదని కళ్లతో చూస్తేగాని కొత్తవారి చేతి వణుకు తగ్గదు. తరగతి సంగతి ముందుగా రచ్చబండలో తెలియజేస్తే అక్కడి అనుభవజ్ఞులు కొత్తవారి పట్ల కొంత ఓపిక చూపిస్తారు. నాట్ల రోజుల్లో, సంక్రాంతి ముందు, పరీక్షల నెలల్లో తరగతులు పెట్టి జనం రాలేదనకండి.

బహుమతుల పోటీల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఎవరు ఎక్కువ వ్యాసాలు రాస్తే వారికి బహుమతి అంటే వచ్చేవి ఒంటి వాక్యపు వ్యాసాలు. వాటిని మొలకలంటాము గాని, వాటిలో ఎక్కువ భాగం మొలకెత్తేవి కావు, ఎవరో ఒకరు తరువాత ఏళ్ల తరబడి శుద్ధి చేయవలసినవి. ధ్రువపత్రం కోసం వచ్చేవారిని కాదనలేము కాని, దాన్ని తరగతి రోజున కాక మూడు నెలల తరువాత ఇవ్వండి. అప్పటికి ఎవరు మిగిలారో వారికే ఇవ్వండి. ధవళేశ్వరంలో తలుపులెత్తినంత మాత్రాన శివారు చేనుకు నీరందదు, మధ్యలో కాలువ పూడిక తీసి, బోదె గట్లు చూసుకునే మనిషి ఉండాలి. తరగతి పెట్టడానికి వచ్చే ఉత్సాహం, ఆ తరువాత ప్రతి వారం ఒక సాయంత్రం అదే గ్రంథాలయంలో అదే బల్ల దగ్గర కూర్చుని వచ్చినవారి సందేహాలు తీర్చడానికి రావడం లేదు. నలభై మందికి ఒక రోజు చెప్పే కంటే ఆరుగురితో ఒక ఏడాది కూర్చోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. కళాశాల యాజమాన్యాలు నలభై మంది ఫొటోనే అడుగుతాయి, ఆ ఒత్తిడి మీకు తప్పదు. అదే యాజమాన్యం తమ కరస్పాండెంటు గారి మీద ఒక వ్యాసం రాయించమని కూడా అడుగుతుంది. మర్యాదగా నవ్వి ఊరుకోండి.

ఇందాక విరామంలో ఒక అధ్యాపకురాలు అడిగిన ప్రశ్నకు అందరి ముందు సమాధానం చెబుతానన్నాను. వారి నాన్నగారు 1986 ఆగస్టు వరదను లంకలో ఉండి చూశారట. గట్టు ఎక్కడ తెగిందో, పశువులను ఎటు తోలారో, ఎవరి డాబా మీద ఎన్నాళ్లు తలదాచుకున్నారో అన్నీ చెబుతారట. అది ఎక్కడ పెట్టాలి, వికీపీడియాలో ఎందుకు కుదరదు అని వారు అడిగారు.

విన్నదాని సంగతి అందుకే చివరకు మిగిల్చాను, అది అన్నిటికంటే కష్టమైనది. వికీపీడియాలో నేరుగా పెట్టడానికి లేదు, ఆ విషయంలో మీకు ఆశ పెట్టను. కాని ఊరుకోవడానికీ లేదు. మొదట ఫోన్‌లో నాన్నగారి మాట రికార్డు చేయండి, ఆయన మాట్లాడే తీరులోనే, మధ్యలో సరిదిద్దకుండా. మొదట్లోనే ఆయన పేరు, ఊరు, రికార్డు చేసిన తేదీ ఆయనచేతే చెప్పించండి. అందరూ వినేలా ఇస్తున్నామని ఆయనకు వివరించి, ఒప్పుకుంటేనే కామన్స్‌కు ఎక్కించండి. ఆయన చెప్పిన చోట్లకు ఆయనను తీసుకువెళ్లి, గట్టు తెగినచోటు ఈనాడు ఎలా ఉందో ఫొటో తీయండి. ఆనాటి దినపత్రికల సంచికలు గ్రంథాలయంలో ఉన్నాయేమో చూసి, ఆయన చెప్పినదానికీ వాటికీ పొంతన కుదిరిన సంగతులను పత్రిక తేదీ, పుట సంఖ్యలతో ఊరి పేజీలో చేర్చండి. పొంతన కుదరనివి రికార్డులో ఉండనివ్వండి, ఎవరి మాట నిజమో తేల్చే పని మనది కాదు. మిగిలినదాన్ని మీ కళాశాల పత్రికలో నాన్నగారి పేరుతో అచ్చు వేయించండి. వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి. ఫోన్‌లో చోటు ఉందో లేదో ముందు చూసుకోండి.